చైనా మందుకు పథ్యం

మా అమ్మకు రొమ్ములో గడ్డ ఉందని తెలిసేనాటికి నేను పినపాక దగ్గర ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. నాన్న అప్పటికే లేడు. అమ్మ నా దగ్గరే ఉండేది. ఉండేదంటే, వానాకాలమంతా మిరపతోటలో, ఎండాకాలమంతా తునికాకు కోతలో ఉండి, అన్నానికి మాత్రం ఇంటికి వచ్చేది. ఆ మనిషిని ఒకచోట కూర్చోబెట్టడం ఎవరివల్లా కాలేదు. గడ్డ సంగతి ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆకు కట్టలు మోసి వాచిందనుకుందట. "గదేంది, సెగగడ్డ లెక్క అయితది, పోతది" అంది. నాకు ఓపిక తక్కువ. ఆ రోజు నేను అరిచిన అరుపుల గురించి పక్కింటివాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు.

హైదరాబాద్‌లో ఒక పెద్ద క్యాన్సర్ దవాఖానాలో చూపించాం. ముందు కీమో ఇంజెక్షన్లతో గడ్డను చిన్నది చేసి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. మూడు వారాలకు ఒక ఇంజెక్షన్. మొదటిదానికే జుట్టు రాలిపోయింది. అమ్మ తలకు తువ్వాల కట్టుకుని, ఎవరైనా అడిగితే ఎండకు కట్టుకున్నానని చెప్పింది. రెండోది అయ్యాక నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో రోజు లేచి, "ఇగ నేను రాను బిడ్డా. గడ్డ సంపుతదో లేదో గని గా సూదులు ఇప్పుడే సంపుతున్నయ్" అంది. అమ్మ ఒకసారి రానంటే రానట్టే. మూడో ఇంజెక్షన్‌కు ఆమెను ఎలా లేపి రైలెక్కించాలా అన్నదే నాకు రాత్రింబవళ్లు ఒకటే ఆలోచన.

మా స్కూల్లో పనిచేసే సారొకాయన, ఖమ్మంలో చైనా వైద్యం చేసే డాక్టర్ ఉన్నాడని, తన భార్య మోకాళ్ల నొప్పులు ఆయన దగ్గరే తగ్గాయని చెప్పాడు. క్యాన్సర్‌కూ మందు ఇస్తాడట. మోకాలికీ క్యాన్సర్‌కూ ఏం సంబంధమని అడిగే స్థితిలో నేను లేను. ఒక ఆదివారం రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

బట్టల దుకాణం మీద ఒక గది. గోడ మీద ఒళ్లంతా చుక్కలు పెట్టిన మనిషి బొమ్మ, చుట్టూ చైనా అక్షరాలు. లోపల చైనా మనిషే ఉంటాడని నేనెందుకు అనుకున్నానో తెలియదు. ఆయన బోనకల్ వైపు మనిషి. ఎక్కడో కోర్సు చదివి వచ్చాడు. రిపోర్టులు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చదివాడు. మా ఇంట్లో ఎవరం అంత చదవలేదు. చదివి, "చూడండి మేడమ్, ఇది గడ్డను కరిగించే మందు కాదు. వాంతులు, నీరసం కొద్దిగా తగ్గితే తగ్గొచ్చు, అంతే. హాస్పిటల్ ఇంజెక్షన్లు మాత్రం ఆపొద్దు. అక్కడి డాక్టర్లకు చెప్పే ఇది వాడండి" అన్నాడు. వేర్లు, చెక్కలు కలిపిన పొట్లాలు ఇచ్చి, రోజుకొకటి కాచి తాగించమన్నాడు. ఏం తినకూడదని అడిగాను. "అట్లాంటివేమీ లేవు. బలంగా తినమనండి" అన్నాడు.

నిజాయితీపరుడే. కానీ అంత దూరం పోయింది నిజాయితీ కోసం కాదు కదా. తిరుగు బస్సులో నాకు ఆయన మీద కోపం కూడా వచ్చింది. వాంతులు తగ్గొచ్చట అని చెబితే అమ్మ మంచం దిగుతుందా? ఇంటికి రాగానే, "గడ్డ కరుగుతదన్నడమ్మా. గని సూదులు గూడ ఏపిచ్చుకోవాలెనట. రెండూ కలిస్తెనే పనిచేస్తదట" అని చెప్పాను. హాస్పిటల్ వాళ్లకు చెప్పమన్న సంగతి నా దగ్గరే ఉంచుకున్నాను.

అమ్మ లేచి కూర్చుంది. ఒక పొట్లం విప్పి చాటలో పోసి, ఒక్కొక్కటే తీసి వాసన చూసింది. చిన్నప్పటి నుంచి అడవిలో తిరిగిన మనిషి, వేరు చూస్తే ఊరుకోలేదు. "ఇది అతిమధురం. ఇది అల్లం జాతే. ఇదేందే, పుట్టగొడుగు ఎండి చెక్కయినట్టున్నది. చైనోళ్లు గూడ మనలెక్కనే అడవి మీద పడ్డరన్నట్టు" అంది. ముఖంలో కొంచెం కళ వచ్చింది. ఆ తర్వాత అడగవలసిందే అడిగింది. "పత్తెమేంది?"

"పత్తెం లేదు. అన్నీ తినొచ్చన్నడు."

అమ్మ నన్ను, చాటను మార్చి మార్చి చూసింది. వేర్లన్నీ మళ్లీ పొట్లంలో పోసి, ముడివేసి, అటక మీద పెట్టేసింది. "పత్తెం లేని మందు మందెట్లయితదే? గది షర్బతు" అని మళ్లీ పడుకుంది.

మా వైపు మందు విలువ పథ్యంతోనే తెలుస్తుంది. అమ్మకు ఒకసారి పచ్చకామెర్లు వచ్చినప్పుడు గుట్ట మీది గూడెం వైద్యుడు వేరు నూరి ఇచ్చి, ఉప్పు, పులుపు, నూనె ఇరవై రోజులు ముట్టొద్దన్నాడు. అమ్మ ముట్టలేదు, కామెర్లు తగ్గాయి. ఏది దేనివల్ల తగ్గిందో ఆమె లెక్క ఆమెకు ఉంది. రోగి కష్టపడి ఏదో ఒకటి వదులుకుంటేనే మందు ఒంటికి పడుతుంది. మాత్రలిచ్చి అన్నీ తినమనే గవర్నమెంటు డాక్టర్ల మీద ఆమెకు మొదటినుంచీ చిన్నచూపే.

రెండు రోజులు బతిమాలాను, తిట్టాను. లాభం లేకపోయింది. మూడో రోజు స్కూల్ నుంచి వచ్చి, "అమ్మా, ఫోన్ చేసిన. పత్తెం ఉన్నదట. జెప్పుడు మర్శిపోయిండట" అన్నాను.

అమ్మ గబుక్కున లేచింది. "నేనన్లే? ఉప్పేనా?"

"అవ్."

"పులుపు?"

"అవ్, పులుపు గూడ."

"నూనె? గుడ్డు? నీసు?"

"అవ్."

"పప్పు?"

అక్కడైనా నేను ఆగాల్సింది. ఆమె ఒక్కొక్కటి అడుగుతుంటే కళ్లు మెరుస్తున్నాయి. ఎంత పెద్ద పథ్యమైతే అంత పెద్ద మందు. పప్పుకు కూడా అవ్ అన్నాను. ఎన్ని రోజులని అడిగి, మండలమా అని తనే అంది. దానికీ అవ్ అన్నాను. పథ్యం మొత్తం ఆమే చెప్పుకుంది. నేను తల ఊపాను, అంతే. అలా తల ఊపినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ రోజే కొత్త కుండ తెప్పించి విడిగా వండుకోవడం మొదలుపెట్టింది. జొన్న రవ్వ ఉడికించిన గటక, చప్పటి బీరకాయ, మజ్జిగ. పొద్దున్నే కషాయం కాచుకుని, తూర్పుకు తిరిగి తాగేది. పక్కింటి ఆడవాళ్లు వచ్చి చైనా పథ్యం ఎట్లా ఉంటదో చూసిపోయేవాళ్లు. అమ్మ వాళ్లకు వివరంగా చెప్పేది. అందులో సగం నేను కూడా వినని సంగతులు. నడక నిటారుగా అయింది. సూదులకు వస్తానని తనే అంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పది రోజులు తిరగకముందే గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది. "జర పప్పన్న తినమ్మా" అంటే, "బక్కగైతున్ననంటే రోగం గుంజుతున్నదన్నట్టు. నువ్వే జెప్పి నువ్వే తినమంటవేంది?" అంది. ఒకరోజు బిందె ఎత్తబోయి అక్కడే కూలబడింది. రెండు మూడు రోజుల్లో అంతా సర్దుకుంటుందనుకుని నోరు మూసుకున్నాను. నిజానికి భయపడ్డాను.

మూడో ఇంజెక్షన్ తేదీకి హైదరాబాద్ పోయాం. అమ్మను తూచి, రక్తం చూసి, డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇవ్వనంది. చాలా తగ్గిపోయిందని, రక్తం కూడా లేదని చెప్పి, ఏం తింటున్నావని అడిగింది. అమ్మ గర్వంగా, "పత్తెం మీదున్న మేడమ్. ఖమ్మంల చైనా డాక్టర్ సారు పెట్టిండు" అని, ఒక్కటీ వదలకుండా అన్నీ చెప్పింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "చదువుకున్నవాళ్లు, మీరెట్లా ఒప్పుకున్నారు?" అంది.  ఆ కషాయం ఆపేయమని, కీమో జరుగుతుండగా తెలియని వేర్లు లివర్ మీద పడతాయని చెప్పింది. రెండు వారాల్లో ఒళ్లు పుంజుకుంటే ఇంజెక్షన్ ఇస్తాం, లేకపోతే గడ్డ మన కోసం ఆగదు అంది.

బయట బల్ల మీద కూర్చుని అమ్మకు అదంతా మా మాటల్లో చెప్పాను. ఆమె ఏమీ కంగారుపడలేదు. "మద్దెన పత్తెం ఇడిస్తే మందు తిరగబడ్తది. పెట్టినాయనే ఇడిపియ్యాలె" అంది. అదీ మా వైపు పద్ధతే. పథ్యం పెట్టిన వైద్యుడే తన చేత్తో మొదటి ముద్ద నోట్లో పెట్టి విడిపించాలి. రోగి అంతట రోగి తింటే మంచిది కాదు.

ఆ సంగతి నాకు వీలుగానే కనిపించింది, నా అబద్ధం బయటపడకుండానే పథ్యం పోతుంది. మర్నాడే ఖమ్మం పోయి, జరిగిందంతా ఆ డాక్టర్‌కు చెప్పి, మా ఊరు వచ్చి ఒక్క ముద్ద పెట్టి పొమ్మని చేతులు జోడించాను.  ఆయన మీద నిందపడిందని కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. "ఇక మందు ఆపేయండి, అక్కడి డాక్టర్ చెప్పింది సరైనదే. కానీ మేడమ్, నేను పెట్టని పథ్యం నేనెట్లా విడిపించాలి?" అన్నాడు. 

ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర చప్పటి గటక కలుపుతోంది. నేను వంటింట్లోకి పోయి అన్నం, చింతపండు పప్పు వండాను. గుడ్డు ఉడకబెట్టాను. కంచం తెచ్చి ఆమె ముందు పెట్టి, "పత్తెం పెట్టింది నేనేనమ్మా. ఆయన కాదు" అన్నాను.

ఆమెకు వెంటనే ఎక్కలేదు. "నువ్వేంది?"

"ఆయన అన్నీ తినుమన్నడు. నువ్వు మందు ముట్టవని నేనే జెప్పిన."

"గుడ్డు గూడ నువ్వేనా?"

"అవ్."

అమ్మ గటక కుండ వైపు చూసింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె గొంతు తగ్గించి, "మరి గడ్డ కరుగుతదన్నడంటివి?" అంది.

"అది గూడ నేనేనమ్మా."

ఆ మాట అన్నాక ఆమె ముఖం నేను చూడలేకపోయాను. రొమ్ము మీద కొంగు సర్దుకుంది. "అంటే నేను ఇన్నొద్దులు ఉత్తగనే తాగినన్నట్టు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. కాసేపటికి కంచం నా వైపు జరిపి, "పెట్టినోళ్లే ఇడిపియ్యాలె. పెట్టు" అని నోరు తెరిచింది. పప్పన్నం ముద్ద చేసి పెట్టాను.  ఆమె నమిలి, మింగి, మళ్లీ నోరు తెరిచింది. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నది.

రెండు వారాలు పెట్టింది పెట్టినట్టు తిన్నది. మూడో ఇంజెక్షన్ ఇచ్చారు, నాలుగోదీ ఇచ్చారు. ఆ తర్వాత స్కానింగ్ తీసి, డాక్టరమ్మ సినిమా చూసినంత సంతోషంగా రిపోర్ట్ చూసి, గడ్డ బాగా తగ్గిందని, ఇక ఆపరేషన్ చేయొచ్చని నాకు ఇంగ్లీషులో చెప్పింది. నేను బయటికి పరుగెత్తుకొచ్చి, బల్ల మీద కూర్చున్న అమ్మ రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, గడ్డ తగ్గింది. సగానికి సగం తగ్గిందట" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. మెల్లగా చేతులు విడిపించుకుని, నా దగ్గరి రిపోర్ట్ తీసుకుని, అటుగా పోతున్న నర్సును ఆపింది. "సిస్టరమ్మా, జర సూడు తల్లీ. ఇందుల ఏమున్నది? నా బిడ్డను అడగకు, నువ్వే సదివి జెప్పు" అంది. ఆ పిల్ల నిలబడి చదివి, గడ్డ తగ్గిందమ్మా అని చెప్పింది. అప్పుడు అమ్మ నవ్వింది, ఆ నర్సు గడ్డం పట్టుకుని మరీ నవ్వింది. నేను రెండడుగుల దూరంలో బల్ల పక్కన నిలబడి ఉన్నాను.