గౌరి జవాబు కత్తిరించిన చోట

నా దుకాణం అరసవల్లి గుడికి వెళ్లే దారిలో ఉంది. జిరాక్సులు తీస్తాను, ఆన్‌లైన్‌లో దరఖాస్తులు నింపుతాను. పక్కనే టిఫిన్ హోటల్. పెనం మీద దోసె చుయ్యిమనడం, ఆటోల హారన్లు, చెప్పుల దగ్గర భక్తుల తగాదాలు అన్నీ నాకు అలవాటైపోయాయి. ఒక్క శబ్దం మాత్రం ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు. హోటల్ టీవీలో ఎవరి ముఖం మీదికో కెమెరా మూడుసార్లు దూసుకెళ్తుంటే 'ఢాం, ఢాం, ఢాం' అని వేస్తారే, అది. మొన్న ఒక పెద్దాయన ఆధార్‌లో పేరు దిద్దించుకుంటుండగా ఆ మోత వచ్చింది. కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి. "ఏటమ్మా, కరెంటు పోనాదా?" అన్నాడాయన. లేదు బాబూ అని మళ్లీ టైపు చేశాను గానీ ఆయన పేరులో రెండు తప్పులు పడ్డాయి. మా పెద్దమ్మ ముఖం మీద కూడా ఒకప్పుడు ఆ మోత వేశారు.

మా పెద్దమ్మ పేరు అప్పలనర్సమ్మ. అమ్మకు అక్క. మీరు ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే టీవీలోనే చూసి ఉంటారు, అంటే చూడనట్టే లెక్క. నౌపడ దగ్గర ఉప్పు మడుల పక్కన రెండు గదుల ఇల్లు ఆమెది. పెదనాన్న ఆ మడుల్లో మేస్త్రిగా చేసి, నాకు ఊహ తెలియకముందే పోయాడు. పిల్లల్లేరు. అమ్మా నాన్నా చెన్నైలో కట్టడాల పనికి పోతూ నన్నూ, నాకంటే మూడేళ్లు చిన్నదైన గౌరినీ ఆమెకు అప్పజెప్పారు. పెద్దమ్మ డిగ్రీ చదివింది. దగ్గర్లోని ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది, మేమూ అక్కడే చదివేవాళ్లం. మనిషి పొట్టి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే. ఆమె జడ వేసిందంటే కళ్లు పైకి లాక్కుపోయేంత బిగువు. ప్రేమా అంతే. ఊపిరాడనిచ్చేది కాదు.

గౌరికి నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేది. అది మూడో తరగతిలో ఉండగా ఒక టీచరమ్మ, పద్యం చెప్పేదాకా దిగకూడదని దాన్ని బెంచీ ఎక్కించింది. క్లాసంతా 'గ్గ గ్గ గ్గౌరి' అని వంత పాడుతోందట. ఆ వరండాలో పోతున్న పెద్దమ్మ విని లోపలికొచ్చి, గౌరి చెయ్యి పట్టుకుని దింపింది. ఒక్క మాట కూడా అనలేదట, అదే ఆశ్చర్యం. అక్కణ్ణుంచి నేరుగా ఆరో తరగతిలోకి, నా దగ్గరికొచ్చింది. "సంచీ తియ్యి, సుగుణా. ఎల్లిపోదాం" అంది. "నేనెందుకు పెద్దమ్మా?" అన్నాను. "సెల్లి ఒక్కర్తీ ఇంట్లో ఉంటాదేటి? నడు." ఆ రోజుతో ఆమె ఉద్యోగం, మా బడి రెండూ అయిపోయాయి. నేను క్లాసులో ఫస్టు. ఆ సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తులేదు, నాకు మాత్రం ఉంది. ఆ తర్వాత చాలాకాలం, పొద్దున్నే బడి వ్యాను రోడ్డు మీద పోయే వేళకు ఇంటి వెనక్కి వెళ్లి నిలబడేదాన్ని. పళ్లు తోముకుంటున్నాననుకునేది పెద్దమ్మ.

ఇంటి చదువు బాగాలేదని మాత్రం నా నోటితో అనలేను. ఉప్పు మడి పొడవూ వెడల్పూ అడుగులేసి కొలిపించి వైశాల్యం చెప్పించేది. నీళ్లు ఇగిరిపోయి తెల్లగా పొర కట్టడం చూపించి రసాయనశాస్త్రం మొదలుపెట్టేది. మడి గట్టు మీద నెలకో కర్ర పాతించింది. పొద్దున్న సూర్యుడు ఏ కర్రకు సూటిగా పైకొచ్చాడో చూసి పుస్తకంలో రాయడం గౌరి పని. ఏడాది తిరిగేసరికి సూర్యుడు ఒకచోటే పుట్టడని, అటూ ఇటూ నడుస్తాడని అది తనంతట తానే కనిపెట్టింది. గౌరిని ఏదైనా అడిగితే ఇక అందరూ నోరు మూసుకోవాలి, అది ఇంట్లో చట్టం. అందించకూడదు, దాని ముఖంలోకి గుచ్చి చూడకూడదు, పక్కన ఏదో పని చేసుకుంటున్నట్టు ఉండాలి. పెద్దమ్మ చేట పట్టుకుని బియ్యంలో రాళ్లేరుతూ కూర్చునేది. "మాటేం రైలు కాదే, ఎల్లిపోతాదని గాబరా పడ్డానికి. వచ్చినప్పుడే రానీ" అనేది. ఒక్కోసారి చేటెడు బియ్యం అయిపోయేవి. మాట మాత్రం వచ్చేది. రెండేళ్లలో గౌరి కూరగాయల వాడితో బేరం ఆడే దాకా వచ్చింది. కాకరకాయలు వద్దని తెగేసి చెప్పిన రోజున పెద్దమ్మ అందరికీ బెల్లం ముక్క పెట్టింది.

ఊళ్లో ఎవరో కుర్రాడు మా ఉప్పు మడుల పాఠాన్ని ఫోనులో తీసి పెట్టాడు. అది చూసి హైదరాబాదు నుంచి టీవీ వాళ్లు ఫోన్ చేశారు. మామూలు కుటుంబాల బతుకుల్ని ఉన్నదున్నట్టు చూపించే కార్యక్రమమట, ఈసారి బడికి పంపకుండా పిల్లల్ని పెంచేవాళ్ల గురించట. పెద్దమ్మ మొదట ససేమిరా అంది. రెండ్రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, "నత్తి పిల్లల అమ్మలు సూస్తారే. ఎక్కడో ఒక్క గుంట పిల్లైనా బెంచీ మీంచి దిగుతాదేమో" అంది. మాకు పండగ గౌన్లు ఇస్త్రీ చేయించింది. ఇల్లు రెండుసార్లు అలికింది, పాపం.

వచ్చిన మేడం నవ్వుతూ మాట్లాడే మనిషి. వచ్చీరాగానే గౌన్లు విప్పించి ఇంట్లో వేసుకునే పాత బట్టలు వేయించింది. "నేచురల్‌గా ఉండాలమ్మా" అంది. గోడ వారన పేర్చిన పుస్తకాలు ట్రంకు పెట్టెలోకి పోయాయి, పుస్తకాలు కనిపిస్తే మామూలు ట్యూషన్‌లా ఉంటుందట. తర్వాత గౌరి నెత్తిన ఉప్పు తట్ట పెట్టమంది. "మా గుంటలు తట్టలు మొయ్యరు, తల్లీ" అని పెద్దమ్మ అడ్డుపడింది. "ఒక్క షాటే అమ్మా, ఫీల్ కోసం." పెద్దమ్మ నా వంక చూసి, గౌరి వంక చూసి, సరే అంది. అంత కోపిష్ఠి మనిషి ఆ రెండ్రోజులూ దేనికీ కాదనలేకపోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు కదా అనుకుందో, ఆ నత్తి పిల్లల అమ్మలు చూడాలన్న ఆశో నాకు ఇప్పటికీ తెలీదు.

తట్ట దించాక మేడం గౌరిని అడిగింది, "సూర్యుడు ఎటువైపు ఉదయిస్తాడమ్మా?" గౌరి తూర్పు గట్టు వైపు, కర్రల వైపు చూసింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. పెద్దమ్మ కొంగుతో అరుగు తుడుస్తూ కూర్చుంది. నేనూ చూపు తిప్పుకున్నాను. చాలాసేపటికి గౌరి నోరు తెరిచింది. "ఏ... ఏ... ఏ నెలలో?" అంది. పెద్దమ్మ ముఖం ఎంత వెలిగిపోయిందని! మేడం మాత్రం కెమెరా అతని వైపు తిరిగి "ఓకే, కట్" అంది. గౌరి జవాబు కెమెరాలో పడింది. ఎర్ర దీపం అప్పటిదాకా వెలుగుతూనే ఉంది, నేను చూశాను.

సాయంత్రం మేడం నన్ను ఒక్కదాన్నే నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లి కూల్‌డ్రింకు ఇచ్చింది. "నువ్వు చాలా తెలివైనదానివి. నీకు బడికెళ్లాలని లేదా?" అంది. రెండేళ్లలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మనిషి ఆమె ఒక్కతే. "ఉంది" అన్నాను. పూర్తిగా చెప్పమంది. "నాకు బడికెళ్లాలనుంది." గాలి చప్పుడు పడిందని మళ్లీ చెప్పించారు. మూడోసారి, 'పెద్దమ్మ పంపట్లేదు' అని కలపమన్నారు. కలిపాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడవమని ఎవరూ చెప్పలేదు, దానంతట అదే వచ్చింది. కెమెరా నా కళ్ల దగ్గరిదాకా వచ్చేసింది. పెద్దమ్మ అప్పుడు లోపల వాళ్లందరికీ చేపల పులుసు వండుతోంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది వేశారు. ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్లంతా మా ఇంటికే వచ్చి కూర్చున్నారు. ముందు హైదరాబాదులో ఒక కుటుంబాన్ని చూపించారు. వాళ్లూ పిల్లల్ని బడికి పంపరు. డాబా మీద తోట, పిల్లాడి చేతిలో గిటారు, వెనక వేణువు. 'స్వేచ్ఛగా వికసిస్తున్న బాల్యం' అన్నాడు యాంకరు. ఆ తల్లి చెప్పింది సరిగ్గా మా పెద్దమ్మ మాటే, ఏ పిల్లకి ఎంత సమయం కావాలో అంతా ఇవ్వాలని. మధ్యమధ్య ఇంగ్లీషు కలిపి చెప్పింది, అంతే. తర్వాత మేం. తెర మసకబారింది. గౌరి నెత్తిన తట్ట. ఢాం. పెద్దమ్మ ముఖం. ఢాం, ఢాం. సూర్యుడు ఎటు ఉదయిస్తాడన్న ప్రశ్న, గౌరి కదిలే పెదాలు, గడియారం టిక్కుటిక్కు. ఇక చెబుతుంది అనగా కత్తిరించేశారు. ఆ తర్వాత నేను. నా ఏడుపు. యాంకరు కళ్లు తుడుచుకుని, "ఈ పసిదాని గొంతు ఎవరు వింటారు?" అన్నాడు. పెద్దమ్మ లేచి టీవీ కట్టేసి, వచ్చినవాళ్లందరికీ టీ పెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

నాలుగో రోజుకి అమ్మా నాన్నా చెన్నై నుంచి దిగారు. వాళ్లతో పనిచేసేవాళ్లంతా చూశారట. "నా పిల్లల సేత ఉప్పు మోయిస్తావేటి అప్పా?" అని అమ్మ తన అక్క ముందు గుండెలు బాదుకుంది. పెద్దమ్మ ఎంత చెప్పినా వినలేదు, టీవీలో కళ్లారా చూసింది కదా. మమ్మల్ని హాస్టల్ ఉన్న బడిలో చేర్చారు. ఆ బడి చెడ్డదేం కాదు. నేను అక్కడ బాగా చదువుకున్నాను, ఆనందంగా కూడా ఉన్నాను. ఇది రాయకపోతే ఈ జ్ఞాపకమంతా అబద్ధమవుతుంది. గౌరి సంగతి వేరు. టీచరు దాన్ని లేపి ప్రశ్న అడగ్గానే వెనక బెంచీల్లోంచి 'ఢాం' అని వినిపించేది. ఎవరో ఒకరు నాలుకతో గడియారం చప్పుడు చేసేవారు. దసరా నాటికి క్లాసులో మాట్లాడ్డం మానేసింది. తర్వాత హాస్టల్ గదిలో. వేసవి సెలవులకు నాతో కూడా తలాడింపులే.

పెద్దమ్మ ప్రతి ఆదివారం పాసింజరు బండిలో వచ్చేది. వరండాలో గౌరి పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచేది. ఏమీ అడిగేది కాదు, దాని ముఖంలోకి చూసేది కాదు. గంట కొట్టి అందర్నీ లోపలికి పిలిచేదాకా అలాగే ఒలిచి, పప్పంతా గౌరి ఒళ్లో పోసి వెళ్లిపోయేది. ఎన్ని ఆదివారాలు అలా గడిచాయో! గౌరి ఒక్కసారీ నోరు తెరవలేదు. "రాకపోతే రాకపోనీ, ఉండనీ" అనేది నాతో, నేనేదో కంగారు పడుతున్నట్టు. గేటు దాటాక మాత్రం అరచేత్తో ముఖం తుడుచుకోవడం కిటికీలోంచి చూసేదాన్ని.

నేను డిగ్రీ చదువుతుండగా ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. మా వైపు ఈ జబ్బు రాని వీధి లేదు. డయాలసిస్‌కు నేనే తోడు వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం సూది గుచ్చిన ఆమె చెయ్యి పట్టుకుని, ఏడేళ్లుగా గొంతులో ఉన్నది కక్కేశాను. "పెద్దమ్మా, ఆ రోజు టీవీ వాళ్లు సెప్పమన్నట్టు సెప్పేసినాను. నన్ను సెమించు" అన్నాను. "నువ్వు అబద్ధం సెప్పుంటే నేనింత ఏడవకపోదునే. బడికెల్లాలని నీకు నిజంగానే ఉన్నాది కదా?" అంది. అవునన్నాను. "మరి నాకు సెప్పలేకపోనావేటే? ఆ ఊరూ పేరూ తెలీని మనిషికి సెప్పినావు." తనే మళ్లీ అంది, "సెప్పవు. నేను అడిగితే కదా. గౌరి మాట కోసం రోజుల తరబడి కూకున్నాను. నీ కోసం ఒక్క పూటైనా ఆగనేదు నేను." ఆ నెలలోనే పోయింది.

ఆమె నన్ను క్షమించిందో లేదో తెలీదు. తప్పులో సగం తనే ఎత్తుకుపోయింది, మిగతా సగం నాది. దుకాణానికి వచ్చేవాళ్లు ఏదైనా చెప్పడానికి తడబడితే నేను తొందరపెట్టను. వాళ్ల మాటను నేను పూర్తి చేయను. వెనక లైనులో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. టీవీలో ఎవరైనా తెల్లబోయిన ముఖంతో కనిపిస్తే, దాని తర్వాత ఏం కోసేశారో అనుకుంటాను. డాబా తోట ఉన్న ఆ హైదరాబాదు పిల్లల గురించి కూడా అనుకుంటాను. వాళ్ల దగ్గర ఏం కోశారో, వాళ్లలో ఎవరైనా బడి బస్సు పోయే వేళకు గేటు దగ్గర నిలబడేవారో, ఎవరు చూడొచ్చారు?

గౌరి ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. అక్కడ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అందుకే ఆ పని పట్టింది. వారానికోసారి వెళ్లి దాని దగ్గర కూర్చుంటాను. ఆర్నెల్ల కిందట ధైర్యం చేసి అడిగేశాను. "ఆ రోజు నేను అలగ సెప్పినందుకు నా మీద కోపమేటే?" అని. గౌరి తలెత్తింది. పెదాలు కదిలాయి. నేను చూపు తిప్పుకుని, దాని తడి బట్టలు ఒక్కొక్కటే తీగ మీద ఆరేశాను. అన్నీ ఆరేయడం అయిపోయింది. ఇప్పటికీ జవాబు రాలేదు. ప్రతి వారం వెళ్తున్నాను. మళ్లీ అడగలేదు.