ల్యాప్‌టాప్ పక్కకు తిరిగిన రోజు

మా రియాద్ ఆసుపత్రిలో క్యాన్సర్ సంగతి రోగికి నేరుగా చెప్పడం తక్కువ. ముందు కొడుకునో తమ్ముణ్నో బయటికి పిలుస్తారు, గదిలో కూర్చోబెట్టి తలుపు వేస్తారు, అప్పుడు చెబుతారు. నాకిది కొత్తేం కాదు. కడపలో నర్సుగా చేరిన రోజుల్లోనూ "పేషెంటు చెవిన పడనీయొద్దు సిస్టర్" అంటూ ఇంటిల్లిపాదీ నా చుట్టూ మూగేవాళ్లు. ఎక్కడైనా తలుపు వేసే పని నర్సుదే. ఆ పని నాకు బాగా వచ్చు.

కిందటేడు మా క్యాన్సర్ విభాగం తూర్పు ఆఫ్రికాలోని ఒక బోధనాసుపత్రికి వీడియోలో సలహాలివ్వడం మొదలుపెట్టింది. ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. ప్రతి బుధవారం మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక మా పెద్ద డాక్టరూ మరో ఇద్దరూ మీటింగ్ రూములో కూర్చుంటారు. అవతలినుంచి ఒక డాక్టరమ్మ స్కాన్లు, రిపోర్టులు చూపిస్తుంది. అంత పెద్దాసుపత్రికీ క్యాన్సర్ డాక్టరు ఆమె ఒక్కతే. ఏ మందు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో మావాళ్లు ఇంగ్లీషులో చెబుతారు. ఆమె వెనక ఎప్పుడూ ఒక తెల్లగోడ కనిపించేది. అది ఆమె గదే అనుకున్నాం. అడగాలని ఎవరికీ తట్టలేదు.

జగిత్యాల నుంచి వచ్చిన హౌస్‌కీపింగ్ అన్న ఆ గదిలోకి గహ్వా కాఫీ, ఖర్జూరాలు తెస్తుండేవాడు.

"అక్కా, ఖజూర్ పెద్ద సాబ్ ముంగట వెట్టాల్నా, నడుమ వెట్టాల్నా?" అన్నాడు ఆ బుధవారం.

"నడుమ పెట్టన్నా. లేకుంటే ఆయప్ప ఒక్కడే తినేస్తాడు" అన్నాను. పెద్ద డాక్టరుకు తెలుగు రాకపోవడం మా ఇద్దరికీ దొరికిన చిన్న సుఖం. నవ్వుకుంటూ వెళ్లి తలుపు వేశాను.

ఆ రోజు చివరి కేసు ఒక స్కూలు టీచరుది. రొమ్ము క్యాన్సర్ కాలేయానికి పాకింది, ఎముకలకూ పాకింది. ఇచ్చిన మందులేవీ పనిచేయలేదు. ఇంకో మందు మొదలుపెట్టాం, కొనసాగించమంటారా అని డాక్టరమ్మ అడిగింది. పెద్ద డాక్టరు స్కాను చూశాడు. ఖర్జూరం గింజ చేతిలోకి ఊసి, "లాభం లేదు. నొప్పికి మందిచ్చి ఇంటికి పంపండి. మహా అయితే కొన్ని నెలలు" అన్నాడు. చెప్పింది తప్పు కాదు. ఆ స్కాను చూసిన ఎవరైనా అదే అనేవాళ్లు. ఆ వెంటనే పక్కనున్న డాక్టరు తన కొడుకు డ్రైవింగ్ టెస్టులో మళ్లీ ఫెయిలైన సంగతి ఎత్తుకున్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

"బ్యాటరీ అయిపోతోంది, ఒక్క నిమిషం" అంటూ డాక్టరమ్మ ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని లేచింది. ప్లగ్గు వెతుక్కుంటూ అటు తిరిగింది. ఆమెతోపాటు తెరమీది బొమ్మా తిరిగింది.

తెల్లగోడ పోయింది. పెద్ద హాలు కనిపించింది. గోడ పొడవునా కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక ఆడమనిషి, చేతికి సెలైన్ గొట్టం. కుర్చీ దొరకనివాళ్లు కింద చాపమీద కూర్చున్నారు. అందరూ మావైపే చూస్తున్నారు.

"ఇది... వార్డా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"కీమో హాలు. ఇంటర్నెట్ నిలకడగా వచ్చేది ఇక్కడొక్కచోటే" అంది డాక్టరమ్మ. "మీకు తెలుసనుకున్నాను."

ఇన్ని వారాలూ స్పీకరులోంచి మా మాటలు ఈ హాలంతా వినిపించాయి. ఎవరు బతుకుతారు, ఎవరు బతకరు, ఎవరికి మందు దండగ, అన్నీ. మా నవ్వులతో సహా. నాకు మామీదే ఒళ్లు మండిపోయింది.

దగ్గరి కుర్చీలో పసుపుపచ్చ రుమాలు కట్టుకున్నామె చెయ్యెత్తింది. నిదానంగా, మాట మాటా విడదీసి, ఇంగ్లీషులో అడిగింది.

"ఆ టీచర్ని నేనే. నా సంగతి చెబుతూ మీరు ఏదో తింటున్నారు. ఏమిటది?"

"ఖర్జూరం" అన్నాడు పెద్ద డాక్టరు. కాఫీ పోయడానికి అక్కడే ఉన్న హౌస్‌కీపింగ్ అన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రమే అయినా సంగతి అర్థమైపోయింది. ప్లేటు తీసి వీపు వెనక దాచుకున్నాడు. "అయ్యో అక్కా, ఆమె అంత ఇన్నది గదా" అన్నాడు నా చెవిలో.

ఆమె గొట్టమున్న చెయ్యి పైకెత్తి చూపించింది. "లాభం లేదన్నారు. మరి పొద్దుట పెట్టిన ఈ మందు ఇంకా ఎందుకు ఎక్కుతోంది?"

డాక్టరమ్మ ఏడుస్తోంది కాబోలు, తెరమీది బొమ్మ వణుకుతోంది.

"మేడమ్, నన్ను క్షమించండి" అన్నాడు పెద్ద డాక్టరు. ఇన్ని బుధవారాల్లో ఆయన ఒక రోగితో మాట్లాడటం అదే మొదటిసారి.

"అది తర్వాత. ముందు నేనడిగినదానికి జవాబు చెప్పండి."

"ఇక ఎక్కించాల్సిన పనిలేదు."

"ఎవరికి చెబుతున్నారు? నాకా, డాక్టరుకా?"

"మీకే" అన్నాడు ఆయన.

మందు ఆపాలంటే గొట్టం మీదున్న చిన్న చక్రం కిందికి తిప్పాలి. ఆ మాట వినగానే నా చెయ్యి అలవాటుకొద్దీ ముందుకు వెళ్లి తెరకు తగిలింది. అద్దం చల్లగా ఉంది. అవతల ఆ టీచరు ఎవరికోసమూ చూడలేదు. తన బొటనవేలితో తనే ఆ చక్రం తిప్పుకుని, చుక్కలు ఆగిపోయేదాకా సీసా వంకే చూస్తూ కూర్చుంది.