నోరు తెరిచి తుమ్మిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు వచ్చేసరికి నా రెండు చేతులూ ఒకాయన నోట్లో ఉన్నాయి. నర్సు ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది. అవతల ఆమె కొడుకు, "అమ్మ నిద్దర్లోనే పోయిందక్కా" అన్నాడు. చేతులకు గ్లౌజులు, కళ్లు తుడుచుకునే వీలు లేదు. కుర్చీలో ఉన్నాయనే తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి నా భుజం తట్టాడు.

అత్త అంటే మేనత్త కాదు. పళ్ల డాక్టరుగా యానాం నుంచి పుదుచ్చేరి వచ్చిన నాకు ఇందిరా నగర్‌లో మేడ మీది వాటా అద్దెకిచ్చిన ఇంటావిడ. వాళ్లు ఎన్నో తరాలుగా ఇక్కడి తెలుగువాళ్లు. నా తెలుగు విని ఆమె, ఆమె తెలుగు విని నేను కొన్నాళ్లపాటు నవ్వుకున్నాం.

ఆమెకు పైదవడలో ఒక పన్ను ఊడి చాలా ఏళ్లయింది. పైన ముక్కు పక్కనుండే సైనస్ అనే గాలి గది కిందికి దిగి, కొత్త పన్ను నిలబెట్టడానికి ఎముక చాలకుండా పోయింది. దవడ పక్కన కిటికీలా కోసి ఎముక వేయాలని ఎవరో చెబితే భయపడి, అప్పట్నుంచీ ఒకవైపే నములుతూ వచ్చింది.

అదే రోజుల్లో నేను చెన్నైలో ఒక కొత్త పద్ధతి నేర్చుకుని వచ్చాను. పక్కన కోయక్కర్లేదు. పన్ను దిగే రంధ్రంలోంచే చిన్న సుత్తితో మెల్లగా తట్టి, సైనస్ అడుగును కాస్త పైకి లేపి, ఆ సందులో ఎముక పొడి నింపుతాం. అక్కడుండే పొర కోడిగుడ్డు పెంకు లోపలి పొరంత పలచన. చిరిగితే పని చెడుతుంది. గురువుగారి పక్కన చేశాను గానీ ఒంటరిగా చేసే ధైర్యం లేక వాయిదా వేస్తున్నాను. ఆ సంగతి అత్తకు దాచకుండా చెప్పాను.

"ఎవురో ఒకరు ముందు కూచోవాల గదా పాపా. నేనే కూచుంటా" అంది.

తగిలీ తగలనట్టు తట్టడం మొదలుపెట్టాను. అత్త వేలెత్తింది. నొప్పేమోనని ఆపాను. "తల లోపల ఎవురో గోడకి మేకు కొడతా ఉండారు. ఇంత బయంగా కొడితే అది యాడ దిగేది? సరిగ్గా కొట్టు" అంది. నర్సు నవ్వాపుకోలేక బయటికి పోయింది. నా భయమూ అంతటితో పోయింది. పొర చిరగలేదు.

ముక్కు చీదకూడదనీ, తుమ్మొస్తే అణుచుకోకుండా నోరు బార్లా తెరిచి తుమ్మాలనీ, లేకపోతే ఆ ఒత్తిడికి పొర చిరిగిపోతుందనీ మరీ మరీ చెప్పి పంపాను. అత్త వంటింట్లో మిరియాలు దంచడం మాన్పించింది. కోడలు పోపు వేసే వేళకు వీధి చివరిదాకా నడిచి వెళ్లేది.

ఆ వారంలోనే నన్ను చూడటానికి పెళ్లివారు వచ్చారు. మా అమ్మానాన్నా యానాం నుంచి వచ్చారు. అత్త తన హాలు ఇచ్చింది. కాఫీలయ్యాయి. అబ్బాయి తండ్రి గొంతు సవరించుకుని, అమ్మాయి తమకు నచ్చిందని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే, అబ్బాయి తల్లి పూసుకొచ్చిన సెంటు అత్త ముక్కుకు తగిలింది.

ఆమె ముక్కు ఎర్రబడింది. నావైపు చూసింది. అణుచుకుంటే పన్ను పోతుంది, తుమ్మితే సంబంధం పోతుంది. పాపం, నాకోసం పెదవులు బిగబట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తుమ్మెయ్యండి అత్తా" అన్నాను.

ఆ తుమ్ముకు అబ్బాయి తండ్రి మాట సగంలో ఆగిపోయింది. నేను పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగున పోయి, ఆమె తల వెనక్కి వంచి, ముక్కులోకి టార్చి వేసి చూశాను. "రక్తం లేదు, అంతా బాగుంది" అన్నాను సంతోషంగా. ఆ సంతోషం గదిలో ఇంకెవరికీ కలిగినట్టు లేదు. శకునం మాట ఎత్తకుండా, బస్సుకు వేళయిందని చెప్పి పెళ్లివారు లేచారు.

ఆ సాయంత్రం మా అమ్మ మూతి ముడుచుకుని ఊరికి బట్టలు సర్దుకోసాగింది. అత్త మేడెక్కి వచ్చి మా మధ్య కూర్చుంది. నొచ్చుకుని ఏదో చెబుతుందనుకున్నాను.

"ఆ పిల్లోడు వచ్చినప్పట్నించి ఒక్క మాట మాట్లాడలా. నోరే తెరవని మొగుడు పండ్ల డాక్టరుకి ఏంటికి పాపా?" అంది.

ముందుగా నవ్వింది మా అమ్మే.

తర్వాత వచ్చిన సంబంధాన్ని అత్తే ముందు పరీక్షించి, మనిషి బాగా వాగుతాడని ఖాయం చేసింది. ఆమె అంచనా తప్పలేదు. మా ఆయన ఇప్పటికీ వాగుతూనే ఉన్నాడు.

నెలలు గడిచి ఎముక గట్టిపడ్డాక పన్ను బిగించాను. వీధిలో ఎవరు కనిపించినా చెంప లాగి దాన్ని చూపించేది. ఆ పన్ను చూసి నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది. ఆమె ముందుగా కూర్చోకపోతే నా సుత్తి ఇంకెన్నాళ్లు పెట్టెలోనే ఉండేదో.

ఆమెను చివరిసారి బీచి రోడ్డులో చూశాను. సముద్రానికి ఎదురుగా పిట్టగోడ మీద కూర్చుని చెరకు ముక్క నములుతోంది, నేను పన్ను పెట్టిన వైపే. అలా నమలకూడదని చెప్పడానికి దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. ఇంకో ముక్క తీసి నా చేతిలో పెట్టింది. ఇద్దరం చెరకు నములుతూ, పిప్పి గుప్పిట్లో పట్టుకుని, రోడ్డు మీద దీపాలు వెలిగేదాకా అలలు చూస్తూ కూర్చున్నాం.