చక్రాల ఇంటికి ఒక ప్లగ్గు

డెబ్బై ఒకటో ఏట రామమోహనరావు గారికి ఇల్లు కట్టాలన్న కోరిక పుట్టింది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో తొమ్మిదో అంతస్తులో మూడు గదుల ఫ్లాటు ఉండగా ఇదేం పిచ్చి అని ఇంట్లోవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పైగా ఆయన కట్టాలనుకున్నది నేల మీద కాదు, నాలుగు చక్రాల మీద. ఆ చక్రాలైనా డీజిలుతో తిరిగేవి కావు, కరెంటుతో తిరిగేవి.

నర్సాపురం నుంచి ఢిల్లీ వచ్చి ముప్ఫై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వ కొలువు చేసిన మనిషి ఆయన. ఢిల్లీలో దిగిన రోజున హిందీ ఎంత వచ్చో రిటైరైన రోజునా అంతే వచ్చు. ఫైలు మీద నోటు రాయడంలో మాత్రం ఆయనకు ఆయనే సాటి. ఆ నోటు దేన్నీ కాదనదు, దేన్నీ ఔననదు. "విషయం పరిశీలనలో ఉంది" అన్న ఒక్క వాక్యంతో మూడు ప్రమోషన్లు కొట్టేశారు.

అంతటి మనిషి బండి వెంట పడటానికి కారణం ఆయన భార్య అన్నపూర్ణేశ్వరి. ప్రయాణమంటే ఆవిడ ముందురోజు నుంచే మంచినీళ్లు మానేసేది. ఆరేళ్ల కిందట ఒక రైలు ప్రయాణంలో బాత్రూము ముందు చాలాసేపు నిలబడి, ముఖం మాడ్చుకుని తిరిగొచ్చింది. ఏం జరిగిందో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు. ఇంటికొచ్చాక మాత్రం "ఇంక నన్నెక్కడికీ రమ్మనకండి" అంది. ఆ మాట మీదే నిలబడింది. డెహ్రాడూన్‌లో ఉన్న చెల్లెలు సుభాషిణికి రెండు మోకాళ్లూ ఆపరేషనయ్యాయి. రోజూ ఫోనులో "అక్కా, నేనైతే కదల్లేను, నువ్వైనా రావే" అంటుంది. ఈవిడ "చూద్దాంలే" అంటుంది. ఫోను పెట్టేశాక వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు విని విని రావు గారికి నిద్ర కరువైంది.

పార్సిళ్లు మోసి మోసి అలిసిపోయిన ఒక కరెంటు వ్యాను ఆయన కంటబడింది. సాహిబాబాద్‌లో ఒక షెడ్డువాడి చేత దాంట్లో మంచం, సింకు, కరెంటు పొయ్యి, నీళ్ల ట్యాంకు, వెనక మూల చిన్న బాత్రూము పెట్టించారు. బండి రూపం మారిందని ఆర్టీవోలో కాగితాలు మార్పించేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. రిటైరయ్యాక అన్ని ఫారాలు ఒక్కసారిగా చూడటం అదే మొదలు.

డ్రైవరు ఉద్యోగం మనవరాలు ప్రణతికి దక్కింది. బి.కాం.లో నాలుగు సబ్జెక్టులు మిగుల్చుకుని, లైసెన్సు మాత్రం మొదటిసారే కొట్టిన పిల్ల.

"తాతయ్యా, ఖాళీగా ఉన్నప్పుడు ఇది నూట యాభై కిలోమీటర్లు వెళ్లేదంట. నువ్వు మంచమూ నీళ్లూ ఎక్కించాక తొంభై ఐదు. డెహ్రాడూన్ రెండొందల పైన. మధ్యలో రెండుసార్లు ఆగాలి. యే గాడీ హై యా బుఢియా? బండి కాదిది, ముసలమ్మ!"

"మీ నానమ్మ రెండు గంటలకోసారి దిగాలంటుంది. బండీ రెండు గంటలకోసారి ఆగాలంటుంది. ఇంతకన్నా జాతకాలు కలుస్తాయటే?"

లిఫ్టులో దొరికిన ప్రతివాడికీ ఆయన కరెంటు ఇళ్ల భవిష్యత్తు చెప్పేవారు. డీజిలు ఇంట్లో ఏసీ కావాలంటే రాత్రంతా ఇంజను మోగాలి, దీనికి చప్పుడే లేదు. గ్యాసు సిలిండరు లేదు, పొగ లేదు. పైన సోలారు పలక పెడితే ఫ్యానూ దీపాలూ ఊరికే నడుస్తాయి. ఇవాళ ఖరీదూ ఎక్కువే, చార్జింగు చోట్లూ తక్కువే, ఒప్పుకుంటాను. ఢాబా ఉన్న ప్రతిచోటా ప్లగ్గు వచ్చిన రోజున చూడండి అనేవారు. తొమ్మిదో అంతస్తువాళ్లు కూడా నాలుగులోనే దిగిపోయి మెట్లెక్కేవారు.

అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు ఆయన తన జన్మలక్షణం కొద్దీ ఒక పొరపాటు చేశారు. అనుమతి అడిగారు.

బండి ఎత్తు ఎక్కువ కాబట్టి కింది పార్కింగులో పట్టదు, వెనక గేటు పక్కన ఆరుబయట ఒక ప్లగ్గు పెట్టుకుంటాను, మీటరు ఖర్చు నాదే అని సొసైటీకి రెండు పేజీల ఉత్తరం రాశారు. నకళ్లు ఏడుగురికి పంపారు. సగంమంది కరెంటు స్కూటర్లు కిటికీలోంచి వైరు వేలాడదీసి చార్జి చేసుకుంటున్న సొసైటీ అది. అడక్కుండా వైరు లాగేసుకుంటే పోయేది కదా అని గేటు దగ్గరి గార్డు తల పట్టుకున్నాడు.

"అరే అంకుల్‌జీ, పూఛా క్యోం? తార్ లగా దేతే, బస్!"

"అదెలా కుదురుతుంది భయ్యా? రేపెవరైనా అడిగితే కాగితం ఉండాలి కదా" అన్నారు రావు గారు.

కాగితం కాస్తా ఆదివారం సర్వసభ్య సమావేశానికెక్కింది. బండిలో చార్జి నలభై ఒక్క శాతానికి దిగిపోయింది. ఇంట్లో ఎప్పుడు "వెళ్దామా" అని కదిపినా అన్నపూర్ణేశ్వరి "అనుమతి రానివ్వండి, చూద్దాం" అనేది. ఆ ఒక్క సంతకం పడితే చాలు, భార్య బయల్దేరుతుందని ఆయన నమ్మకం.

సమావేశంలో సెక్రటరీ త్యాగీ గారు ఉత్తరం చదివి కళ్లజోడు తీశారు. "రావు సాబ్, పహలే యే బతాయియే, యే ఘర్ హై యా గాడీ?"

ఇల్లైతే నెలనెలా మెయింటెనెన్సు కట్టాలి. బండైతే ఒక ఫ్లాటుకు ఒకటే పార్కింగు, అందులో రావు గారి పాత స్కూటరు ఉండనే ఉంది. ఒకాయన అగ్నిమాపక శాఖ కాగితం తెమ్మన్నాడు. ఇంకొకావిడ రేపు దీన్ని అద్దెకిస్తే ఎవరు జవాబుదారీ అంది. గంటన్నర గడిచాక ముగ్గురితో ఉపసంఘం వేశారు. మళ్లీ సమావేశం మూడు నెలల తర్వాత.

"మామ్లా విచారాధీన్ హై", అంటే విషయం పరిశీలనలో ఉందని, త్యాగీ గారు ముగించారు. ముప్ఫై నాలుగేళ్లు ఊరందరికీ వడ్డించిన వంటకం తన విస్తట్లో పడేసరికి దాని రుచేమిటో రావు గారికి తెలిసింది.

కిందికి వచ్చేసరికి వ్యానులో దీపం వెలుగుతోంది. దొంగలేమోనని తలుపు లాగారు. లోపల అన్నపూర్ణేశ్వరి, కొంగు బిగించి, చేతిలో బ్రష్షుతో. ఫినాయిలు వాసన గుప్పుమంది.

"నువ్వేంటే ఇక్కడ?"

"రోజూ మధ్యాహ్నం వస్తున్నానులెండి, మీరు గుర్రుపెట్టాక. బాత్రూము గడియ చూశాను, రైల్లో దానిలా కాదు, గట్టిగానే పడుతోంది. పట్టుకుని లేవడానికి ఓ కమ్మీ ఉంటే బాగుండేదని ప్రణతికి చెప్తే నిన్న బిగించి పెట్టింది."

రావు గారు మంచం మీద కూలబడ్డారు. తాను త్యాగీ సంతకం కోసం తిరుగుతుంటే ఆవిడ గడియ తనిఖీ చేసుకుంటోందన్నమాట.

"అనుమతి రాలేదు అన్నపూర్ణా. మూడు నెలలు పడుతుందట."

"ఏం అనుమతి? ఇక్కడ ప్లగ్గు లేకపోతే రోడ్డు మీద లేదా?"

"ఉందనుకో. హైవే ఎక్కే ముందు ఒకటుంది. అక్కడ రెండు గంటలు కూర్చోవాలే."

"ఎక్కడ కూర్చోవాలండీ, ఫుట్‌పాత్ మీదా? ఈ మంచం మీదే కదా!"

రెండు పేజీల ఉత్తరంలో ఆయనకు తట్టని పాయింటు అది.

మర్నాడు పొద్దున్నే, ఎవరికీ ఏ నకలూ పంపకుండా, జీవితంలో మొదటిసారి, రామమోహనరావు గారు బయల్దేరారు. గేటు తీస్తూ గార్డు సెల్యూట్ కొట్టాడు. హైవే ముందు ఒకసారి చార్జి నింపుకుని, రెండోసారి ఖతౌలీ దగ్గర ఒక ఢాబా పక్కన ఆగారు. అప్పటికి బండిలో పదకొండు శాతం, రావు గారి ముఖంలో అంతకంటే తక్కువ. అన్నపూర్ణేశ్వరి మాత్రం దారి పొడుగునా గుక్క గుక్కగా నీళ్లు తాగుతూనే ఉంది.

పక్క ప్లగ్గు దగ్గర కారులోంచి ఒక అమ్మాయి దిగింది. నిండు నెలల మనిషి. ఢాబా వెనక్కి వెళ్లి, ముక్కు మూసుకుని తిరిగొచ్చింది. వ్యాను వంక చూసింది, మళ్లీ నేల చూసింది. ఆ చూపుకు అర్థం అన్నపూర్ణేశ్వరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఆవో బేటీ, అందర్ హై. బిల్కుల్ సాఫ్ హై. గడియ పడుతుంది, డరో మత్" అని లోపలి బాత్రూము చూపిస్తూ తలుపు తీసింది.

ఆ అమ్మాయి వెనకే వాళ్ల అత్తగారు వచ్చింది. ఇంకో కారులోంచి ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు. అన్నపూర్ణేశ్వరి తలుపు పక్కన స్టూలు వేసుకుని వరస చూడసాగింది. పొయ్యి మీద టీ పెట్టింది. పెద్దావిడకు మోకాళ్ల నొప్పులని తెలిసి తన చెల్లెలి ఆపరేషను సంగతి మొత్తం, హిందీలో సగం, తెలుగులో సగం, చేతులతో మిగతాది చెప్పింది. ప్రణతి ఢాబా కుళాయి నుంచి రెండు బకెట్ల నీళ్లు మోసి ట్యాంకులో పోసింది.

"తాతయ్యా, వంద శాతం! నిండిపోయింది, చలో" అని అరిచింది.

రావు గారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. "ఏమోయ్, బయల్దేరదామా? ఈపాటికి సుభాషిణి రెండుసార్లు ఫోను చేసింది."

"చెయ్యనివ్వండి. దారిలో ఉన్నానని చెప్పండి" అంది అన్నపూర్ణేశ్వరి, స్టూలు మీంచి లేవకుండా. "ఇంకో పిల్ల లోపలుంది."