రేపల్లె అవతలి దీవికి ముగ్గురం

వేసవి సెలవులు దగ్గరపడితే మా స్టాఫ్‌రూంలో ఒకటే గోల. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారని. ఒకరు అరకు అంటారు, ఒకరు ఊటీ అంటారు. ఆ ఏడు మేం ముగ్గురం మాత్రం అండమాన్ అనుకున్నాం. తెనాలిలో మేము పనిచేసే బళ్ళో నేను సైన్సు చెప్తాను. నాతోపాటు హిందీ టీచరు, లెక్కల టీచరు. హిందీ టీచరుది బాపట్ల, రోజూ రైల్లో వచ్చిపోతుంది. భారీ మనిషి, పెద్ద గొంతు, వంటంటే ప్రాణం. లెక్కల టీచరు మా ఇద్దరికంటే బాగా చిన్నది, పెళ్ళై ఎన్నాళ్ళో కాలేదు. మమ్మల్నిద్దర్నీ అక్కా అనే పిలిచేది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక హిందీ టీచరు ఫోన్లో వీడియోలు పెట్టేది. అద్దం అడుగున్న పడవలు, పంచదారలాంటి ఇసక, మోచెయ్యంత రొయ్యని నిలువునా చీల్చి నిప్పుల మీద కాల్చడం.

"అంత రొయ్యని పట్టుకుని ఉప్పూ కారం లేకుండా వెన్న రాసుకు తింటారంట మేడమ్, ఖర్మ కాకపోతే. మన మసాలా మనం పట్టుకుపోదాం" అనేది నాతో.

లెక్కల టీచరుకి తిండి మీద ధ్యాస లేదు. తలకి అద్దాల టోపీలాంటిది తగిలించి సముద్రం అడుగున నడిపిస్తారంట కదా, అది ఒక్కటీ చూడాలంది. "అక్కడ ఎవరి మాటా వినపడదంట అక్కా" అంది ఒకసారి. మేము నవ్వాం. అప్పటికి మాకు సంగతి తెలియదు.

తెలిసింది తర్వాత. ఒక సోమవారం ఆమె కుడిచేతి రెండు వేళ్ళకి కట్టుతో వచ్చింది. బోర్డు మీద ఎడంచేత్తో వంకరటింకరగా రాస్తుంటే పిల్లలు నవ్వుతున్నారని ఆయా వచ్చి చెప్పింది. హిందీ టీచరు ఆమెని పక్కకి తీసుకెళ్ళి తలుపేసి అడిగింది. మొదట బాత్రూంలో జారానంది. తర్వాత చెప్పింది. అండమాన్ మాట ఎత్తిందని మొగుడు ఆమె చెయ్యి పట్టుకుని బీరువా తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. ఒకసారి వేసి, తీసి, మళ్ళీ వేశాడట.

అతన్ని మేము ఎరుగుదుం. బజార్లో పురుగుమందుల కొట్టు. అప్పుడప్పుడూ బండి మీద గేటు దాకా వచ్చి ఆమెని దింపేవాడు. మెత్తటి మనిషి, మాటకి ముందో అండి, వెనకో అండి. అలాంటివాడు ఇంట్లో ఇలా ఉంటాడని ఎవరు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు, ఆ వేళ్ళు చూడకపోతే. గోళ్ళు నల్లగా చచ్చిపోయి ఉన్నాయి.

"మీ అమ్మావాళ్ళకి చెప్పవే" అంది హిందీ టీచరు.

"చెప్పానక్కా. సర్దుకుపొమ్మన్నారు."

అండమాన్ అక్కడితో ఆగిపోయింది. ఆమె లేకుండా వెళ్ళాలని మాకు అనిపించలేదు. సెలవులు మొదలయ్యాక హిందీ టీచరే ఒక ఉపాయం చెప్పింది. రేపల్లె దాటి కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక దీవి ఉంది. మడచెట్లు, ఇసక, పది పన్నెండు చేపలవాళ్ళ గుడిసెలు. పొద్దున పడవెక్కితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. బాపట్లలో పేపర్లు దిద్దే డ్యూటీ పడిందని ఇంట్లో చెప్పి రమ్మని లెక్కల టీచరుకి నూరిపోసింది. ఆమె భయపడుతూనే వచ్చింది.

రేపల్లెలో బస్సు దిగి ఆటోలో రేవుకి పోయాం. పడవ నడిపే ఆయన మా అందరికంటే పెద్దవాడు, బాబాయ్ అన్నాం. ఇంజను శబ్దానికి మడచెట్ల మీంచి కొంగలు లేచాయి. వేళ్ళు నీళ్ళలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. లెక్కల టీచరు పడవ అంచు పట్టుకుని, కట్టు విప్పిన వేళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంది. దారిలో కొన్న ముంజెలు హిందీ టీచరు గోరుతో తొక్క తీసి ఒక్కోటీ ఆమె నోట్లో పెడుతోంది.

దీవిలో దిగగానే ఒక గుడిసె ముందు పాక చూపించారు. ఆ ఇంటావిడ పొయ్యి, గిన్నెలు ఇచ్చి, బుట్టెడు మండపీతలు తెచ్చి మా ముందు పెట్టింది. తాళ్ళతో కట్టేసినా కళ్ళు అటూ ఇటూ తిప్పుతూ నురగ కక్కుతున్నాయి. నేను సైన్సు టీచర్నే గానీ పీతని బతికుండగా విరవడం నా వల్ల కాలేదు. హిందీ టీచరు కూడా సందేహించింది.

"ఇటివ్వక్కా" అని లెక్కల టీచరు తీసుకుంది. ఒక్క గుంజుడుకి డెక్క ఊడొచ్చింది. రెండో డెక్క. కాళ్ళన్నీ ఒక్కోటీ విరిచి గిన్నెలో పడేసింది. బొటనవేలు కిందికి పెట్టి డిప్ప లేపేసింది. కట్టు విప్పిన వేళ్ళు నొప్పి పుడుతున్నా ఆగలేదు. డెక్క ఒకటి ఆమె అరచెయ్యి కరిచి పట్టుకుంటే ఇంటావిడ కత్తి తీసుకొచ్చేలోపు నేలకేసి కొట్టి విదిలించుకుంది. చెయ్యి రక్తం. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆమెని అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

మామిడికాయ ముక్కలేసి పులుసు పెట్టాం. అది ఉడుకుతుండగా హిందీ టీచరు పొయ్యినీ మమ్మల్నీ కలిపి ఫొటో తీసి, ఊరి పేరుతో సహా స్టేటస్‌లో పెట్టేసింది. ఆమెకది అలవాటు. టిఫిన్ ఏం తిన్నా పెడుతుంది. ఆ క్షణంలో మాకెవరికీ ఏమీ తోచలేదు. హిందీ టీచరు నంబరు లెక్కల టీచరు మొగుడి ఫోన్లో కూడా ఉందని, తెనాలిలో కొట్లో కూర్చున్న ఆ మనిషి అది చూస్తాడన్న ఆలోచనే రాలేదు.

తర్వాత పులుసు ఇంటావిడకి అప్పజెప్పి, ఇసకలో అటు చివరదాకా రెండు మూడు గంటలు నడిచాం. నది నీళ్ళు ఎర్రగా, సముద్రం నీళ్ళు నల్లగా, రెండూ కొట్టుకుంటున్న చోట చేప కోసం గద్దలు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. తిరిగొచ్చి అరిటాకులు పరుచుకున్నాం. ఇంటావిడ పులుసు మళ్ళీ కాచి గిన్నె దింపి మధ్యలో పెట్టింది. హిందీ టీచరు తినే ముందు ప్రార్థన చేస్తుంది. గరిట చేతిలోనే పట్టుకుని కళ్ళు మూసుకుంది. లెక్కల టీచరు కూడా మూసుకుంది. నాకు ఆ అలవాటు లేదు కాబట్టి నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను. రెండో పడవ ఒడ్డుకి తగలడం, అందులోంచి తెల్లచొక్కా మనిషి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దూకడం నేనే ముందు చూశాను. లెక్కల టీచరు మొగుడని గుర్తుపట్టేసరికి అతను పాకలో ఉన్నాడు.

వస్తూనే పులుసు గిన్నెని తన్నాడు. కాగే పులుసు నా కుడికాలి మీద మోకాలి దాకా పడింది. నేను అరుస్తూ వెనక్కి పడ్డాను. లెక్కల టీచరు కళ్ళు తెరిచేలోపు జడ పట్టుకుని ఈడ్చాడు.

"పేపర్లు దిద్దుతున్నావా? ఇక్కడ దిద్దుతున్నావా పేపర్లు?"

ఇసకలో ఆమె వీపు మీద పడి జారుతోంది. చీర మోకాళ్ళ పైకి పోయింది. ఒక చేత్తో జడ చుట్టుకుని, ఇంకో చేత్తో చెంప మీద, చెవి మీద కొడుతున్నాడు. హిందీ టీచరు అడ్డం వెళ్ళింది. ఆమెనీ కొట్టాడు. కళ్ళజోడు ఎగిరిపడింది. ఆ భారీ మనిషి ఒక్క క్షణం తూలింది. మరుక్షణం చేతిలో ఉన్న ఇనప గరిట ఎత్తి అతని మొహం మీద కొట్టింది. కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి కారింది. అయినా జడ వదల్లేదు. రక్తం ఓడుతూనే ఆమెని నీళ్ళదాకా లాక్కుపోయాడు.

"ఎక్కు పడవ! ఇంటికి పద, నీ సంగతి చెప్తా!"

పడవ అంచుకి ఆమె తల కొట్టాడు. అప్పుడు తల తిప్పి అతని మణికట్టు కొరికింది. కుక్క ఎముక పట్టినట్టు పట్టింది. అతను కేక పెట్టి జడ వదిలి వెనక్కి అడుగేశాడు. అక్కడ ఇసక కాదు, మడచెట్ల బురద. పాటు సమయం, నీళ్ళు తీసి ఉన్నాయి. తొడల దాకా దిగబడ్డాడు.

ఆమె పడవలోంచి గడ తీసింది. పడవ నెట్టే వెదురు గడ, ఆమెకి రెండింతలుంటుంది. రెండు చేతులా ఎత్తి అతని భుజమ్మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఒడ్డు మీద వినపడింది.

"ఇంకెప్పుడైనా కొడతారా?" అంది. మళ్ళీ వేసింది. "చెప్పండి. కొడతారా?" మళ్ళీ. "బీరువాలో పెడతారా? చెప్పండి మరి."

అదీ నాకు ఇప్పటికీ చెవుల్లో మోగేది. అంత కోపంలోనూ ఆమె నోట నువ్వు అన్న మాట రాలేదు. మొగుణ్ణి చావగొడుతూ మీరు మీరు అంటూనే ఉంది. అతను చేతులు అడ్డం పెట్టుకుని "వద్దే, వద్దమ్మా, వద్దండీ" అని ఏడుస్తున్నాడు. గడ ఒకసారి తల పక్కనించి పోయి చెవి కోసుకుపోయింది. కాలు మంటలో కూడా నేను ఆ దెబ్బలు చూస్తూ ఉండిపోయాను. ఆపాలనిపించలేదు.

ఆపింది హిందీ టీచరే. నీళ్ళలోకి నడిచి వెనక నుంచి ఆమెని వాటేసుకుంది. "చచ్చిపోతాడే! ఆపు! వాడు చస్తే జైలుకి నువ్వు పోతావు, వాడు కాదు. ఆపు తల్లీ!" గడ ఇద్దరి చేతుల్లో అటూ ఇటూ ఊగింది. చివరికి నీళ్ళలో పడింది. చేపలవాళ్ళు వచ్చి చంకల కింద తాడేసి అతన్ని పైకి లాగారు.

అతన్ని తెచ్చిన పడవవాడు గొడవ చూసి అప్పటికే పారిపోయాడు. అందరం ఒకే పడవలో తిరిగి రావాల్సి వచ్చింది. ముందు భాగంలో అతను, భుజం వేలాడేసి, మొహమంతా బురద, రక్తం. వెనక ఆమె. మధ్యలో మేమిద్దరం గోడలాగా. ఇంటావిడ ఇచ్చిన తడిగుడ్డ నా కాలికి చుట్టుకున్నాను. బాబాయ్ ఇంజను తిప్పి పడవని రేవువైపు పోనిచ్చాడు. అతను మధ్యమధ్యలో నీళ్ళు కావాలని మూలిగాడు. చాలాసేపటికి హిందీ టీచరు తన సీసా అందించింది.

రేపల్లెలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఎలా జరిగిందన్నాడు.

"పడవ మీంచి జారిపడ్డానండి" అన్నాడు అతను.

"కాదండి" అంది ఆమె తలుపు దగ్గర నిలబడి. పెదవి చీలి మాట సరిగా రావడంలేదు. "నేను కొట్టాను. ఎందుకు కొట్టానో కూడా రాసుకోండి."

ఆ రాతే తర్వాత విడాకుల కోర్టులో పనికొచ్చింది. పోలీసులు వచ్చారు, పెద్దమనుషులు కూర్చున్నారు. మొగుడి ఎముక విరగ్గొట్టిన ఆడదని తెనాలి బజార్లో చెప్పుకున్నారు. ఆమె అమ్మ వచ్చి మొగుడి కాళ్ళు పట్టుకోమంది. ఆమె గుండీలు ఊడిన పాత నైటీలో, బుగ్గ మీద పచ్చగా మారిన దెబ్బతో కూర్చుని "నేను వెళ్ళనమ్మా" అని ఒక్కటే అంది. అతను కూడా కేసు పెట్టలేదు, పెళ్ళాం చేతిలో తిన్నానని కోర్టులో చెప్పుకోలేక. విడాకులకి చాలాకాలం పట్టింది గానీ వచ్చాయి. ఇప్పుడామె బాపట్లలో హిందీ టీచరు వాళ్ళ మేడ మీద గదిలో ఉంటోంది. అక్కడే ఒక బళ్ళో లెక్కలు చెప్తోంది. స్టేటస్ పెట్టినందుకు హిందీ టీచరు చాలాకాలం ఏడ్చింది. ఇప్పుడు స్టేటస్‌లో బైబిలు వాక్యాలు తప్ప ఏమీ పెట్టదు. నా కాలి మీద మోకాలి నుంచి పాదం దాకా చర్మం ముడతపడి ఉండిపోయింది.

మొన్న ఆదివారం ముగ్గురం సూర్యలంక వెళ్ళాం. గుంటూరు జనం, తెనాలి జనం కిటకిటలాడుతున్నారు. వేయించిన చేప తింటూ ఇసకలో కూర్చున్నాం. మా ముందు ఒక జంట ఏదో మాటమీద కీచులాడుకుంటున్నారు. మగవాడు గొంతు పెంచగానే లెక్కల టీచరు తినడం ఆపేసింది. వాళ్ళు మళ్ళీ నవ్వుకుంటూ లేచి వెళ్ళేదాకా వాళ్ళనే చూసింది.

తర్వాత అంది, "అక్కా, ఆ రోజు నువ్వు పట్టుకోకపోతే నేను ఆపేదాన్ని కాదు."

"తెలుసు" అంది హిందీ టీచరు.

"అప్పుడప్పుడూ కల్లో కొడుతూనే ఉంటాను. చచ్చిపోయాక కూడా కొడుతుంటాను. లేచాక భయమేస్తుంది. నీకు తెలుస్తుంది కదా ఇవన్నీ, దేవుణ్ణి క్షమించమని అడగాలా?"

హిందీ టీచరు చేపలోంచి ముల్లు తీసి పక్కన పడేసింది.

"నీకు అడగాలనిపిస్తే అడుగమ్మా" అంది. "గరిటతో కొట్టినందుకు నేనైతే ఇంతవరకూ అడగలేదు."