దొంగపేర్ల పొట్టి కత్తులు

త్సుయామా కోట కింది వీధిలో క్షౌరశాల నడిపే తొకుజోకి ఊళ్లో మంచి పేరుంది. గడ్డం గీస్తుంటే మనుషులు కుర్చీలోనే గురకపెట్టేవాళ్లు. సోమవారం సెలవు. ఆ రోజు మాత్రం ఎవరు తలుపు తట్టినా పలికేవాడు కాదు. వెనకగదిలో మోకాళ్ల మీద కూర్చుని, పూర్వం సమురాయిలు పెద్ద కత్తికి తోడుగా నడుముకు దోపుకున్న మూరెడు కత్తుల్ని ఒక్కొక్కటే ఒరలోంచి తీసి, నమస్కరించి, తుప్పు పట్టకుండా లవంగనూనె రాసేవాడు.

వాటిలో మొదటిది పెళ్లయిన కొత్తలో సైకిలు అమ్మి కొన్నది. పిడి ఊడదీస్తే లోపలి ఇనుము మీద, ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన పాతకాలపు కమ్మరి పేరు చెక్కి ఉంటుంది.

"ఆ మహానుభావుడి పుణ్యమా అని పుట్టింటికి ఏడాదిపాటు నడిచే వెళ్లాను" అని భార్య హత్సునో వచ్చినవాళ్లందరి దగ్గరా దెప్పేది.

షాపుకొచ్చేవాళ్లు రంగుల టీవీల గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో, తొకుజో ఉన్న ఒక్క సూటూ తొడుక్కుని, ఆ కత్తిని పట్టుగుడ్డలో చుట్టి టోక్యో రైలెక్కాడు. పాత కత్తుల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చే అక్కడి పరీక్షకులు దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. పనితనం చాలా బాగుంది, పేరు మాత్రం దొంగది అని మర్యాదగా చెప్పారు.

తిరిగొచ్చాక మనిషి మనిషిలా లేడు. నూడుల్స్ కొట్టాయన కనుబొమ్మ సగం లేపేశాడు. కత్తుల పిచ్చిలో అతనికి తోడైన నిషివాకి మాస్టారు సంగతి విని పరామర్శకి వచ్చాడు.

"దీనికింత దిగులెందుకు తొకుజో? ఆకురాయితో ఆ పేరు గీకించెయ్. పేరులేని మంచి కత్తిగా పరీక్షలో నెగ్గుతుంది. అందరూ చేసేదేగా."

తొకుజో తలూపాడు. టీ తెచ్చిన హత్సునో మొట్టమొదటిసారి ఆ కత్తి దగ్గర కూర్చుంది. అంచు వెంబడి తెల్లగా, పొద్దుటి మంచులా పాకిన గీతను చూసింది.

"ఇంత చక్కగా చేసినవాడు పక్కవాడి పేరెందుకు పెట్టుకున్నాడండీ?"

"తన పేరుతో అయితే ఎవడు కొంటాడే?"

"పాపం. ఇంటినిండా పిల్లలేమో."

మాస్టారు నవ్వాడు. "చేసినవాడే చెక్కాడని ఏముందమ్మా? తరవాతెవడో చెక్కి ఉండొచ్చు."

"ఎవరో ఒకరు చెక్కారుగా" అంది హత్సునో.

ఆ మాట తొకుజోకి తగిలింది. మర్నాడు షాపు తెరవకముందే అద్దాల దగ్గరి వెలుగులో ఆ అక్షరాలు మళ్లీ చూశాడు. ఒక గీత దగ్గర ఉలి జంకినట్టు చిన్న వంపు. తప్పు చేస్తూ భయపడ్డ మనిషి చెయ్యి అది. గీకేస్తే ఆ మనిషి లోకంలో ఉన్నాడనడానికి అది కూడా మిగలదు. ఆకురాయి మాట మళ్లీ ఎత్తలేదు.

అంతటితో ఊరుకున్నాడా? దొంగపేర్లున్న పొట్టి కత్తులే వెతకడం మొదలుపెట్టాడు. జనం సిగ్గుపడి అటకలెక్కించినవి, దుకాణాల్లో వెనక్కి నెట్టేసినవి ఒక్కొక్కటే తెచ్చుకున్నాడు. వాటిని చేసినవాళ్ల గురించి రాత్రి భోజనాల దగ్గర మొగుడూ పెళ్లాం ఊహలు అల్లేవాళ్లు. "ఈయన తాగుబోతు, గీతలు చూడు" అనేవాడు తొకుజో. "కాదు, చూపు మందగించింది, అంతే" అని హత్సునో వెనకేసుకొచ్చేది. ఊళ్లోవాళ్లు అతన్ని దొంగపేర్ల తొకుజో అన్నారు. పిలిస్తే సంతోషంగా పలికేవాడు.

కొన్నేళ్లకి ఊళ్లోవాళ్ల కత్తులు చూడ్డానికి పరీక్షకులే త్సుయామా వచ్చారు. తమాషాకి తన కత్తులు వాళ్ల ముందు పరిచాడు తొకుజో. వాళ్లలో పెద్దాయన ఒకదాని దగ్గర ఆగిపోయాడు. ఇంకొకాయన్ని పిలిచాడు. గుసగుసలయ్యాక ఇద్దరూ తొకుజోకి వంగి నమస్కరించారు.

"అభినందనలండీ. ఇది అసలైనదే."

గదంతా చప్పట్లు. తొకుజో మొహం మాత్రం మాడిపోయింది.

ఇంటికొచ్చి హత్సునోతో మొత్తుకున్నాడు. "తాగుబోతాయన అనుకున్నామే, ఆయనే! పెద్ద పేరున్న ఘనుడట. మన దగ్గర ఆయనకేం పని?"

"ఇన్నాళ్లూ మన అన్నం దగ్గర కూర్చున్నాడుగా, ఉండనివ్వండి" అంది ఆవిడ నవ్వాపుకోలేక.

అతను వినలేదు. మర్నాడే కత్తి చంకన పెట్టుకుని మాస్టారింటికి వెళ్లాడు.

"మాస్టారూ, ఇది మీరు తీసుకోండి. మీ దగ్గర దొంగపేరుది ఏదన్నా ఉంటే నాకివ్వండి."

"మతి పోయిందా నీకు? దీన్ని చూడ్డానికి ఊళ్లు దాటి వస్తారు!"

"రానివ్వండి. మీ ఇంటికి రానివ్వండి."

నిషివాకి మాస్టారు లేచి గది తలుపు మూశాడు. తరవాత పరుపులు పెట్టే అలమర అడుగునుంచి ఒక మూట తీశాడు. కుర్రతనంలో మోసపోయి కొన్నదట. సిగ్గేసి భార్యకి కూడా చూపించలేదు. తొకుజో అక్కడే పిడి ఊడదీశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, చివరిది చోటు చాలక పక్కకి ఒరిగిపోయి ఉంది.

"అబ్బ, ఎంత కంగారుపడ్డాడో పిచ్చి నాయన!" అన్నాడు. మాస్టారు పగలబడి నవ్వాడు. ఇద్దరూ లవంగనూనె సీసా మధ్యలో పెట్టుకుని, మధ్యాహ్నం దాకా ఆ పిచ్చి నాయన ఎవరై ఉంటాడా అని వాదించుకున్నారు.