మస్తాన్ మామ చదివించిన తీర్మానం

ఈ సాయంత్రం ప్రొద్దుటూరు దగ్గరున్న మా ఊళ్లో పంచాయతీ బోర్డు మీటింగు జరిగింది. పిల్లల ఆటస్థలంలో క్లబ్బు కట్టే తీర్మానానికి సభ్యులు చేతులెత్తబోతుండగా, మగ్గం నేసే మస్తాన్ మామ లేచి నిలబడ్డాడు.

"ఆ కాగితంలో ఏముందో శానా మందికి తెలీదు. చదివి ఇనిపించండప్పా."

"చదువురాని నీకెందుకు? కూచో!" ప్రెసిడెంటు కసిరాడు.

"రాదు కాబట్టే చదవమంటాండా."

ప్రెసిడెంటు కాగితాన్ని గుమాస్తా ముందుకు తోశాడు. గుమాస్తా చదివాడు. ఖర్చు బోర్డుదట, లోపలికి రానిచ్చేది క్లబ్బు మెంబర్లనేనట!

"మా దుడ్లతో మీకు పేకాటా?" అని జనం లేచారు. తీర్మానం వాయిదా పడింది.

ఎస్సెస్సెల్సీ చదివిన నేను, రెండేళ్లుగా ఆ మీటింగులకు పోతూ ఒక్కసారీ నోరు విప్పలేదు. చదివి వినిపించమని మీరెవరైనా, ఎప్పుడైనా అడిగారా?